ఆన్‌లైన్ చర్చ ఉత్త నాటకమేనా?

లెక్చరర్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే వాదన ఒకటుంది. పాఠం మీద విద్యార్థుల చర్చంటే క్లాసులో ముఖాముఖి జరగాలట, ఆన్‌లైన్‌లో పోస్టులు, రిప్లైలు రాస్తూ జరిగేది మార్కుల కోసం ఆడే నాటకమట. పిల్లలు పిల్లలకు చెబితే తప్పులే పాకుతాయట. చాట్‌జీపీటీ వచ్చాక ఆ పోస్టులూ అదే రాసిపెడుతుందట, కాబట్టి అదంతా దండగట. పైగా మనకు భారమట.

ముందు ముఖాముఖి సంగతి. అరవైమంది ఉన్న బీటెక్ క్లాసులో "డౌట్స్ ఉన్నాయా?" అంటే నోరు విప్పేది ముందు బెంచీల్లోని ఆ నలుగురే. తక్కినవాళ్ళకు డౌట్లు లేక కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి తన డౌటును ఇంగ్లీషులో కూర్చుకునేలోపే సార్ తర్వాతి స్లయిడ్‌కి వెళ్ళిపోతారు. బడి తరగతులను గమనించిన అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే ఈ సంగతి చెప్పారు: టీచర్లు ప్రశ్న వేశాక ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు, కనీసం మూడు సెకన్లు ఆగితే జవాబులు మెరుగవుతున్నాయి. రాసి చేసే చర్చలో ఆ తొందరే లేదు. రాత్రి పదింటికి, రెండుసార్లు దిద్దుకుని, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టైనా అడగొచ్చు. పియాజా అనే ఆన్‌లైన్ చర్చా వేదిక ఇలాంటి ఇబ్బందిలోంచే పుట్టింది. 2009లో దాన్ని మొదలుపెట్టిన పూజా శంకర్, ఐఐటీ కాన్పూర్‌లో చదివేటప్పుడు తోటి మగపిల్లల్ని డౌట్ అడగడానికి మొహమాటపడేవారు. అందుకే అందులో తోటివాళ్ళకు పేరు కనపడకుండా అడిగే వీలుంది.

ఇక తప్పులు పాకడం. కొలరాడో విశ్వవిద్యాలయం జన్యుశాస్త్రం క్లాసులో చేసిన పరిశోధన 2009లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. పక్కవాళ్ళతో చర్చించాక, అదే అంశం మీద ఇచ్చిన కొత్త ప్రశ్నకు విద్యార్థులు సొంతంగా మెరుగ్గా జవాబిచ్చారు. గుంపులో మొదట ఎవరికీ సరైన జవాబు తెలియనప్పుడు కూడా! అది క్లాసు చర్చే, ఒప్పుకుంటాను. కానీ ఈ అభ్యంతరం పిల్లల మీద గదా, వేదిక మీద కాదు. పైగా హాస్టల్ గదిలో చెప్పుకున్న తప్పు మన కంట పడదు, ఆన్‌లైన్‌లో రాసింది పడుతుంది.

నాటకమన్నది సగం నిజం. "ఒక పోస్టు, రెండు రిప్లైలు, ఐదు మార్కులు" అని రూలు పెడితే "ఐ అగ్రీ, గుడ్ పాయింట్" తప్ప ఏమొస్తుంది? "క్లౌడ్ కంప్యూటింగ్ ప్రయోజనాలు చర్చించండి" అన్నదాంట్లో అసలు చర్చించడానికేముంది? "ఈ కోడ్ పది ఇన్‌పుట్లకు నడిచింది, పదివేలకు ఆగిపోయింది, ఎందుకు?" అని వేసి చూడండి.

చాట్‌జీపీటీతో అసైన్‌మెంట్లూ రాస్తున్నారు. వాటినేం మానేశామా?

దండగని వదిలేయడమూ కుదరదు. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'. దాని కోర్సుల్లో చర్చావేదిక నాలుగు భాగాల్లో ఒకటి. సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చేసుకోవచ్చని 2021లో యూజీసీ అనుమతిచ్చింది.

భారమన్న మాట మాత్రం అక్షరాలా నిజం. అరవైమంది పోస్టులు చదవడానికి టైమ్‌టేబుల్‌లో ఒక్క పీరియడూ ఉండదు. గ్రూపులో చూపించే ఆవేశం ప్రిన్సిపాల్ గదిలో చూపించి ఆ పీరియడ్ అడగొచ్చు కదా.