బార్-కేస్‌ను ఇంకా ఎన్నిసార్లు చంపుతారు?

డిసెంబరు వచ్చిందంటే చాలు, పాత సోల్ పాటలంటే ఇష్టపడే మిత్రులు వరసబెట్టి ఒకే సందేశం పంపుతుంటారు. చివర్లో ఏడుపు బొమ్మలు కూడా ఉంటాయి. అందులోని కథ ఇది: 1967లో అమెరికన్ సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్‌తో పాటు, ఆయన వెనుక వాయించే బార్-కేస్ బృందం మొత్తం విమానం కూలి పోయిందట. ఒక్కడు మాత్రం తోటివాళ్లను నీళ్లలో వదిలేసి ఈదుకుంటూ ఒడ్డెక్కాడట. ఓటిస్ తన చావును ముందే పసిగట్టి, ఆ కుర్రాళ్లతోనే చివరి పాట చేయించుకున్నాడట. ప్రమాదం వెనుక కుట్ర ఉందట. ఆ తర్వాత బార్-కేస్ పేరుతో వచ్చినవాళ్లంతా నకిలీలట. ఇంకా నయం, విమానం కూడా నకిలీదని రాయలేదు.

పాట సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. వాళ్లు చెప్పే ఆ చివరి పాట 'డాక్ ఆఫ్ ది బే'లో బార్-కేస్ వాళ్లెవరూ వాయించలేదు. గిటారు స్టీవ్ క్రాపర్‌ది, బాస్ డక్ డన్‌ది, డ్రమ్స్ అల్ జాక్సన్‌వి. వీళ్లు మెంఫిస్‌లో స్టాక్స్ అనే రికార్డు సంస్థ స్టూడియోకు అంటిపెట్టుకుని ఉన్న వాద్యకారులు. బార్-కేస్ పని వేరు, ఊరూరా కచేరీల్లో ఓటిస్ వెనుక వాయించడం. ఇక పాట చివర వినిపించే ఈల మరణ సూచనే అయితే, ఈల వేసిన గాయకులందరికీ ముందుగానే సంతాప సభలు పెట్టాల్సి వస్తుంది.

కుట్ర గురించి ఒక్క మాట ఒప్పుకోవాలి. ప్రమాదానికి ఫలానాదే కారణమని దర్యాప్తు తేల్చలేదన్నది నిజమే. ఆ రోజు వాన, పొగమంచు ఉన్నాయి. కారణం తేలకపోవడం వేరు, హత్య అని తేలడం వేరు. ఈ తేడా తెలియనివారితో వాదించే ఓపిక నాకు లేదు.

నాకు నిజంగా మండేది ఆ "వదిలేసి ఈదుకుంటూ" అన్న మాటకు. అతని పేరు బెన్ కాలీ, ట్రంపెట్ వాయించేవాడు. అప్పటికి ఇరవయ్యేళ్లు. డిసెంబరు 10న క్లీవ్‌లాండ్ నుంచి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌కు ఓటిస్ సొంత బీచ్‌క్రాఫ్ట్ విమానంలో ఎనిమిది మంది బయలుదేరారు. విమానం మొనోనా సరస్సులో పడింది. కాలీకి అసలు ఈత రాదు! సీటు మెత్త ఒకటి చేతికి చిక్కితే దాన్ని పట్టుకుని తేలాడు. సాయం కోసం స్నేహితులు వేసిన కేకలు వినిపిస్తూనే ఉన్నాయి, వాళ్లను చేరుకోవడం అతని వల్ల కాలేదు. పడవలో వచ్చినవారు అతన్ని పైకి లాగారు. ఓటిస్ సహా మిగతా ఏడుగురూ పోయారు. వారిలో నలుగురు బృందంవాళ్లే: గిటారు జిమ్మీ కింగ్, శాక్సోఫోన్ ఫాలన్ జోన్స్, ఆర్గన్ రానీ కాల్డ్‌వెల్, డ్రమ్స్ కార్ల్ కన్నింగ్‌హామ్. అందరూ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లవాళ్లు. హైస్కూలు చదువు ముగించుకుని అదే ఏడాది ఓటిస్ వెంట వెళ్లిన పిల్లలు. కాలీ చేసింది ద్రోహమన్నట్టు రాసినవారు డిసెంబరులో విస్కాన్సిన్ సరస్సు నీళ్లలో కనీసం మోచేతి వరకూ చెయ్యి ముంచి చూసి, ఆ తర్వాత కలం పట్టాలి. కాలీ 2015లో చనిపోయాడు. ఎవరో సరదాకు రాసిన అబద్ధానికి జవాబు చెప్పుకోవడానికి ఇప్పుడు ఆయన లేడు.

బృందం మొత్తం పోయిందన్నదీ తప్పే. బాస్ వాయించే జేమ్స్ అలెగ్జాండర్‌కు ఆ విమానంలో చోటు చాలక వేరే విమానం ఎక్కాడు. మాడిసన్ చేరాక మిత్రుల మృతదేహాలను గుర్తుపట్టాల్సిన పని అతని మీదే పడింది. మరుసటి ఏడాది అతనూ కాలీ కలిసి కొత్తవాళ్లను చేర్చుకుని బృందాన్ని మళ్లీ నిలబెట్టారు. సోల్ గాయకుడు ఐజాక్ హేస్ 1969 ఆల్బమ్ 'హాట్ బటర్డ్ సోల్'లో ఆయన వెనుక వాయించింది ఈ "నకిలీలే". 1972లో లాస్ ఏంజెలెస్‌లో లక్షమందికి పైగా వచ్చిన వాట్‌స్టాక్స్ కచేరీ వేదిక ఎక్కిందీ వీళ్లే. 1975లో స్టాక్స్ మూతపడితే మెర్క్యురీ రికార్డు సంస్థకు మారి, మరుసటి ఏడాదే 'షేక్ యువర్ రంప్ టు ది ఫంక్'తో మళ్లీ జనాన్ని ఆడించారు. అలెగ్జాండర్ తన కొడుక్కి ఫాలన్ అని పేరు పెట్టుకున్నాడు, పోయిన స్నేహితుడి పేరు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక జాజీ ఫా పేరుతో హిప్‌హాప్ నిర్మాతగా పేరు తెచ్చుకున్నాడు. నకిలీలు మరీ ఇంత శ్రమ పడతారా?

అయితే ఒకటి. 1967 నాటి బార్-కేస్ పాట 'సోల్ ఫింగర్' విని, వెంటనే డెబ్బైల నాటి పాటలు పెట్టుకుంటే ఇది వేరే బృందమేమో అనిపించడం సహజం. మొదటిదాంట్లో కుర్రాళ్ల గోల, దూసుకొచ్చే హార్న్స్ తప్ప గాయకుడంటూ లేడు. తర్వాతివాటిలో గాయకుడు లారీ డాడ్సన్ గొంతు ముందుంటుంది, తళతళలాడే దుస్తులుంటాయి, బాస్ బరువుగా నడుస్తుంది. నాకు పాత శబ్దమే ఎక్కువ ఇష్టం. ఆ నలుగురితో పాటే అదీ పోయిందని ఎవరైనా అంటే కాదనలేను. కానీ ఆ మాట అనడానికి కాలీని దోషిని చేయనక్కర్లేదు, అలెగ్జాండర్‌ను దొంగను చేయనక్కర్లేదు.