తువ్వాలు వెల 350

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులోకి సాలూరు బస్సు వచ్చి ఇంకా ప్లాట్‌ఫారానికి ఆనకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు లోపలికి ఎగురుతాయి. వాటి వెనకాలే సంచులు, గొడుగులు, ఒక్కోసారి పిల్లలు. ఈ పద్ధతికి జీవో లేదు, గెజిట్ లేదు. అయినా తువ్వాలు పడిన సీటులో ఇంకొకడు కూర్చున్నాడంటే బస్సు బస్సంతా కోర్టయిపోతుంది. సాక్షులు పిలవకుండానే లేచి నిలబడతారు. తాతల నాటి నుంచీ నడుస్తున్న ఈ సేవకు ఇంతవరకూ ఎవరూ రుసుము అడగలేదు.

అందుకే కిందటి నెల నా ఫోనుకు "నచ్చిన సీటు ముందే తీసుకోండి, 350 రూపాయల నుంచి" అని మెసేజ్ వచ్చినప్పుడు నాకు కోపం రాలేదు, అనుమానం వచ్చింది. మన తువ్వాలు వీళ్ళ చేతికి ఎలా చిక్కింది?

సంగతేమిటంటే, నేనూ మా ఆవిడా విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్ళాలి. గంటంపావు ప్రయాణం. విమానం ఎగరడానికి 48 గంటల ముందు వెబ్ చెకిన్, అంటే వస్తున్నామని ఫోనులోనే చెప్పి సీటు ఖాయం చేసుకునే ఏర్పాటు, తెరుచుకుంటుంది, మీరు నిద్రపోతే మీ సీటు పోతుంది అని ఆ మెసేజ్ సారాంశం. ఆ విమాన సంస్థ పేరు మాత్రం రాయను. తిరుగు టికెట్టు కూడా వాళ్ళ దగ్గరే కొన్నాను.

ఫోనులో విమానం బొమ్మ తెరిచి చూశాను. అచ్చం భోగాపురం పేరు చెప్పి ప్లాట్లమ్మే వెంచర్ బ్రోషరే. ముందు వరసలు హైవే ఫేసింగ్. అత్యవసర ద్వారం పక్కన కాళ్ళు చాపుకోగలిగేవి కార్నర్ బిట్లు. కిటికీ పక్కవి తూర్పు ముఖం. నడవ పక్కవి నలభై అడుగుల రోడ్డు. అన్నీ రంగురంగుల్లో, ఒక్కోదాని మీద ఒక్కో ధరతో మెరిసిపోతున్నాయి. ఎక్కడో వెనకాల, మరుగుదొడ్డికి ఆనుకుని, ఇద్దరి మధ్య ఇరుక్కుని కొన్ని బూడిదరంగు గళ్ళున్నాయి. అవి ఉచితం. వెంచర్‌లో పార్కు కోసమని చూపించే స్థలం లాంటివన్నమాట. అక్కడ కూర్చునేవాడికి భగవంతుడిచ్చిన రెండు మోచేతులూ ఉంటాయి గాని, పెట్టుకోవడానికి చోటుండదు.

న్యాయంగా చెప్పాలంటే, ఏమీ కట్టకపోయినా సీటిస్తారు. నిలబెట్టి తీసుకెళ్ళే విమానం ఇంకా రాలేదు. చెకిన్‌కు కూడా డబ్బు లేదు. కౌంటరు దగ్గర బోర్డింగ్ పాసు చేతికిచ్చినందుకు 200 రూపాయలు పుచ్చుకునే అలవాటు ఒకటి ఉండేది, అది కుదరదని పౌర విమానయాన శాఖ 2022 జూలైలో చెప్పేసింది. అంటే వాళ్ళు అమ్ముతున్నది సీటూ కాదు, చెకినూ కాదు. "కట్టకపోతే మీ ఆవిడ ఏడో వరసలో, మీరు ఇరవై ఏడో వరసలో" అనే బెంగ ఉంది చూశారా, దాన్ని ముందు ఊరికే పంపిస్తారు. విరుగుడుకు 350. ఇద్దరికీ కలిపి 700. రానూ పోనూ 1400.

1400 రూపాయలంటే మా ఇంట్లో ఒక్కడు తీసుకునే నిర్ణయం కాదు. సభ పెట్టాను.

మా అమ్మది శ్రీకాకుళం పక్క పల్లె. "బేగి" అన్న మాట మీద ఆవిడకు సర్వాధికారాలూ ఉన్నాయి. బేగి లే, బేగి తిను, బేగెళ్ళు అంటూనే మమ్మల్ని ఇంతవాళ్ళను చేసింది. విషయమంతా విని, తమలపాకు మడత బుగ్గకు తోసుకుని అడిగింది. "నేటయితే డబ్బులు కట్టడం ఇన్నాను గానీ, బేగొచ్చినోడి దగ్గర డబ్బులడగడమేటిరా? కరెంటోడు కూడా అలాగడగడు."

ఆవిడ లేటును నేటు అంటుంది గాని, ఆర్థికశాస్త్రం తెలియక కాదు. పరీక్ష ఫీజు గడువు దాటితే అపరాధ రుసుము, కరెంటు బిల్లు గడువు దాటితే అపరాధ రుసుము. అపరాధం అన్న మాట ఆలస్యానికే పుట్టింది. ఏడాది ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే మొత్తం కట్టేస్తే మన పట్టణాల్లో 5 శాతం తగ్గిస్తారు కూడా. వీధి కాలువ తీయించమంటే పట్టించుకోనివాళ్ళే, తొందరపడి వచ్చినవాణ్ణి ఆ మాత్రం ఆదరిస్తున్నారు. తొందరపడటం కూడా అపరాధమే, దానికీ రుసుముంది అని కనిపెట్టడానికి మనిషి ఆకాశంలోకి ఎగరాల్సి వచ్చింది.

తర్వాత మా బావ మాట్లాడాడు. అక్క మొగుడు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. సీట్ల తగాదాల్లో ఆయన మాట మా చుట్టుపక్కల సుప్రీంకోర్టు.

"సూడు బావా, తువ్వాలు సెల్లాలంటే కొన్ని లచ్చనాలుండాల. యేసినోడు కిటికీ కాడ కనిపించాల. టీ తాగడానికెళ్ళిపోతే సెల్లదు. ఒక తువ్వాలుకి ఒక సీటే. అడ్డంగా పరిసీసి మూడు సీట్లూ మావేనంటే నానే తీసి బయట పడేసినాను సానాసార్లు. అన్నిటికన్నా ముక్యం, గుడ్డయుండాల. కాయితం సెల్లదు. పేపరు పడేస్తే ఎవులిదో అనుకుని, దులిపి, దాని మీదే కూకుంటారు."

కాసేపాగి, అసలు మాట అప్పుడన్నాడు. "ముసిలమ్మెవులైనా ఎక్కిందనుకో, తువ్వాలు యేసినోడే తీసీసుకుని లేస్తాడు. మీ పోనులో తువ్వాలుకి తియ్యడం ఉందేటి?"

నేను వెతికాను. "రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదు" అని మాత్రం ఉంది.

ఈలోగా డల్లాస్ నుంచి మేనల్లుడు వీడియోలోకి వచ్చాడు. వాడు చెప్పిన కథకు మా బావ కుర్చీలో కూర్చోలేకపోయాడు. సౌత్‌వెస్ట్ అని డల్లాస్ విమాన సంస్థ ఒకటుంది, 1971లో ఎగరడం మొదలెట్టింది. యాభై ఏళ్ళు దాటిందాకా దాంట్లో సీటు నంబర్లే లేవట. ఎక్కినవాడు ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే.

"పల్లెవెలుగే గదేటి!" అన్నాడు బావ, కళ్ళు చెమర్చగా.

కాకపోతే ఎక్కడానికి వరస ఉండేది. ఏ, బీ, సీ అని గుంపులు, గుంపుకు 60 దాకా అంకెలు. గేటు దగ్గర స్తంభాల మీద రాసిన అంకెల పక్కన ఎవరి చోట వాళ్ళు నిలబడాలి. రేషన్ షాపు ముందు మనం సంచులూ చెప్పులూ వరసలో పెట్టి వెళ్ళినట్టే, అక్కడ చెప్పుల్లో మనుషులు కూడా ఉంటారు, అంతే తేడా. ఆ అంకె చెకిన్‌ను బట్టి వచ్చేది. చెకిన్ 24 గంటల ముందు తెరుచుకునేది. రేపు మధ్యాహ్నం విమానం అంటే ఇవాళ మధ్యాహ్నం గడియారం ముందు వేలు పెట్టుకుని కూర్చోవాలి. ఆ వేలికి శ్రమ లేకుండా 2009లో ఎర్లీబర్డ్ అని ఒక ఏర్పాటు చేశారు. 10 డాలర్లిస్తే 36 గంటల ముందే వాళ్ళ కంప్యూటరే మీ పేరు చెకిన్ చేసిపెట్టేది. పోనుపోను అది పెరిగి, విమానాన్ని బట్టి 99 డాలర్ల దాకా వెళ్ళింది. అంత ఇచ్చినా ముందెక్కే "ఏ" గుంపులోనే పడతారన్న హామీ ఉండేది కాదు.

"తొంభైతొమ్మిది డాలర్లంటే మన డబ్బుల్లో?"

"ఎనిమిది వేలు దాటుద్ది నాన్నా."

"తువ్వాలుకా?" అన్నాడు బావ. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

నాకు తోచింది చెబుతాను. బేగి అన్నది పక్కవాడు ఆలస్యంగా వస్తేనే ఉంటుంది. అందరూ డబ్బు కట్టి బేగొచ్చేస్తే ఎవడూ బేగి రానట్టే. రథసప్తమినాడు అరసవల్లిలో టికెట్ లైను చూసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. సూర్యభగవానుడు పైనుంచి రెండు లైన్లనూ ఒకేలా మాడుస్తుంటాడు. సౌత్‌వెస్ట్ వాళ్ళకూ అదే తోచిందో, లెక్కలు ఇంకేమైనా చెప్పాయో గాని, 2026 జనవరి 27 నుంచి అన్ని సీట్లకూ నంబర్లు వేసేశారు. పల్లెవెలుగు సూపర్ లగ్జరీ అయిపోయింది. ఆ వార్త విని మా బావ ఆ పూట భోజనం సరిగ్గా చేయలేదు.

ఈ విషయంలో మన జిల్లాలకు ఢిల్లీలో చోటు దక్కలేదని మాత్రం అనకూడదు. 2014 నుంచి 2018 దాకా పౌర విమానయాన మంత్రి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు గారు. 2024 నుంచి అదే కుర్చీలో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు. విమానం ముఖం ఫొటోల్లో తప్ప చూడని పల్లెలున్న రెండు జిల్లాలు దేశంలోని విమానాలన్నిటినీ చూసుకున్నాయి. ఇక భోగాపురం విమానాశ్రయం సంగతి. దానికి 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు గారు శంకుస్థాపన చేశారు. 2023 మే 3న జగన్మోహన్ రెడ్డి గారు శంకుస్థాపన చేశారు. శిలాఫలకమంటే రాతితో చేసిన తువ్వాలు కాక మరేమిటి? ఒకే సీటుకు రెండు తువ్వాళ్ళు పడ్డాయి కదా, తీర్పేమిటని బావనడిగాను. "మొదటాయన మద్దిలో దిగిపోయాడు కాబట్టి రెండోదే సెల్లాల" అన్నాడు. మరి 2024లో మొదటాయన మళ్ళీ ఎక్కాడుగా అంటే, "నాను రిటైరయిపోనాను" అని లేచి వెళ్ళిపోయాడు.

నన్నడిగితే ఆకాశంలో ఖాయమైన సీటు ఉన్నవాడు విజయనగరం మొత్తానికి ఒక్కడే. దసరా తర్వాత మంగళవారం, పైడితల్లమ్మ సిరిమాను కొసన కూర్చునే పూజారి. చింతమాను మీద, అంత ఎత్తున, వంశపారంపర్యంగా. మిగతా ఊరంతా ఆ సీటును చూడటానికి పొద్దుటి నుంచే మేడల మీద తువ్వాళ్ళు వేసుకుంటుంది.

సభ ఇలా ఎటూ తేలకుండా సాగుతుంటే, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ మా ఆవిడ మొదటిసారి నోరు విప్పింది.

"కట్టకపోతే ఏమవుతుందన్నారు?"

"ఇద్దర్నీ చెరోచోటా కూర్చోబెడతారు."

"ఎంతసేపు?"

"గంటంపావు."

"ఊరికేనే?"

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ ముఖాన అంత వెలుగు నేను రెండు మూడుసార్లే చూశాను. సభ ముగిసింది.

చెప్పినట్టే విడదీశారు. ఆవిడకు తొమ్మిదో వరస, నాకు ఇరవై ఆరు, ఇద్దరికీ మధ్య సీట్లే. నా రెండు పక్కలా డబ్బు కట్టినవాళ్ళు మోచేతులు నా హద్దులోకి దించి నిద్రపోయారు. డబ్బు కట్టిన ముఖాల్లో ఉండాల్సిన తృప్తి వాళ్ళలో ఏమీ కనబడలేదు. మా ఆవిడ పక్కన మాత్రం కిటికీ సీటు కొనుక్కున్న పలాస కుర్రాడు కూర్చున్నాడట. ఈవిడ మెడ చాచి మేఘాల్లోకి చూస్తుంటే, "ఇటొచ్చి కూర్చోండి పిన్నీ" అని లేచి ఇచ్చేశాడట. పిన్ని వాడికి అమ్మాయి కోసం పట్టుకెళుతున్న జంతికల పొట్లం విప్పింది. ఫోనులో లేని మీట మనిషిలో ఉందని రాత్రి బావకు ఫోన్ చేసి చెప్పాను. "ఎవులబ్బాయో అడగలేదా?" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో హైదరాబాద్‌లో గేటు నుంచి విమానం దాకా బస్సులో తీసుకెళ్ళారు. అందరికన్నా ముందు ఎక్కే హక్కు కొనుక్కున్నవాళ్ళు దర్జాగా ముందు ఎక్కి లోపలికంటా వెళ్ళారు. చివర ఎక్కి తలుపు దగ్గర వేలాడినవాణ్ణి నేనే కాబట్టి విమానం దగ్గర మొదట దిగిందీ నేనే. దీని గురించి ఇంకా రాయగలను గాని, ఫుట్‌బోర్డు తెలిసిన పాఠకులకు అవసరం లేదు.

విశాఖపట్నంలో దిగి ద్వారకా కాంప్లెక్సుకు వచ్చేసరికి సాయంత్రం ఆరు. విజయనగరం బస్సు వెనక్కి వస్తోంది, జనం దానితోపాటే నడుస్తున్నారు. నా దగ్గర తువ్వాలు లేదు. జేబులో చేయిపెడితే బోర్డింగ్ పాసు తగిలింది. ఆలోచించే వ్యవధి లేదు. కిటికీలోంచి మూడో వరస సీటు మీదికి విసిరి, తలుపువైపు పరుగెత్తాను.

తోసుకుని లోపలికి వెళ్ళేసరికి అక్కడొక పెద్దమనిషి వంకాయల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇది నా సీటండీ. కాగితం వేశాను."

ఆయన గొడవపడలేదు. కొంచెం పైకి లేచి, కింద నుంచి కాగితం లాగి, మడత సాపు చేసి, దీపం వైపు ఎత్తి చదివాడు.

"ఇరవై నాలుగు ఈ అని ఉందండి. ఈ బస్సులో అలాటి సీటు లేదు బాబూ." మర్యాదగా నా చేతికిచ్చేశాడు.

అవతలి వరసలో, కిటికీ పక్కన, మా ఆవిడ తన తువ్వాలు దులిపి మడతపెట్టి సంచిలో పెట్టుకుంటోంది. ఒక తువ్వాలు, ఒక సీటు. ఆనందపురం దాటేదాకా నేను నిలబడే ఉన్నాను.