వెంటొటేనె రోమన్ రేవు గారికి ఒక అర్జీ

అయ్యా,

వయసులో రెండు వేల ఏళ్లు పెద్దవారు, అందుకే గౌరవంగానే మొదలుపెడుతున్నా. రేవు కావాలంటే ఎవరైనా సముద్రంలో రాళ్లు పోసి గోడ కడతారు. ఇటలీ తీరానికి అవతల ఉన్న ఈ చిన్న ద్వీపంలో మాత్రం రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలపు మేస్త్రీలు మెత్తటి అగ్నిపర్వతపు రాతిని తొలిచి, ఆ గోతిలోకి సముద్రాన్ని రానిచ్చారు. తాళ్లు కట్టే గుంజలు కూడా అదే రాతిలో చెక్కేశారు. మెచ్చుకోవాల్సిందే. కానీ లోపలికి వచ్చే దారి అంత ఇరుగ్గా ఎందుకు వదిలారండీ?

ఆగస్టులో మీ ముఖద్వారం బయట పడవలన్నీ గుండ్రంగా తిరుగుతుంటాయి, పెళ్లి బంతిలో తినేవాడి వెనక నిలబడి ఎప్పుడు లేస్తాడా అని చూసినట్టు. ఎవరో లేస్తారు. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. పడవని పక్కగా ఆనించే అదృష్టం మధ్యధరాలో అరుదు, స్థలం పొదుపు కదా, వెనక్కి నడుపుతూ రెండు పడవల సందులో దూరాలి, వెనక తాళ్లు గట్టుకి విసరాలి, ముందువైపు నీటి అడుగున బరువుకి కట్టిన తాడుని ఎత్తి బిగించాలి. చుక్కాని మాట వినాలంటే వేగం కావాలి, వేగం పెంచితే గుండె ఆగుతుంది, ఈలోపు గాలి పడవ ముక్కుని ఒకవైపు తోస్తుంది, ప్రొపెల్లర్ వెనక భాగాన్ని ఇంకోవైపు లాగుతుంది. పక్క పడవలవాళ్లు కాఫీలు వదిలేసి ఫెండర్లు, అంటే పడవలు రాసుకోకుండా అడ్డుపెట్టే గాలి దిండ్లు, పట్టుకుని లేస్తారు. ముఖాన చిరునవ్వు, కళ్లలో మన ఇన్సూరెన్స్ లెక్క.

విడ్డూరం ఏమిటంటే, ఒకప్పుడు ఇక్కడికి మనుషుల్ని బలవంతంగా తెచ్చి దింపేవారు. క్రీ.పూ. 2లో అగస్టస్ సొంత కూతురు జూలియాని పంపేశాడు. తర్వాత ఆమె కూతురు అగ్రిప్పినా, ఆ తర్వాత నీరో భార్య ఆక్టేవియా. వాళ్లెవరూ రేవు ఛార్జీ కట్టినట్టు లేదు. మేము రాత్రికింత అని యూరోలు కట్టి, పైగా బతిమాలి వస్తున్నాం.

జూలియాకి వైన్ నిషేధం. ఆమె దగ్గరికి ఏ మగాడు రావాలన్నా అగస్టస్ అనుమతి కావాలి, అదీ అతని ఎత్తు, రంగు, ఒంటి మీది మచ్చల వివరాలు అందాకే. ఇప్పుడు గట్టు మీద పుస్తకం పట్టుకున్న కుర్రాడు పడవ పొడవు, వెడల్పు, నీటిలో ఎంత మునుగుతుంది అని అడుగుతాడు. పద్ధతి అదే, చక్రవర్తి మారాడు. సరుకు దాచడానికి తొలిచిన గుహల్లో ఇప్పుడు దుకాణాలు.

నియంత ముస్సోలినీ ఇక్కడే బంధించిన తన వ్యతిరేకులు స్పినెల్లీ, రోసీ 1941లో యూరప్ అంతా ఒక్కటి కావాలని ప్రణాళిక రాశారు. గొప్ప ఆలోచన. వాళ్లు ఆగస్టు సాయంత్రం ఒక ఫ్రెంచి పడవ తాడు మీద జర్మన్ పడవ తాడు పడటం చూడలేదు, అదృష్టవంతులు.

సరే, వచ్చే ఏటికి మా వివరాలు ముందే పంపుతున్నా. పొడవు 12 మీటర్లు. రంగు తెలుపు. మునిగేది 2 మీటర్లు. మచ్చలు: కుడివైపు పొడవాటి గీత ఒకటి, తమరి రాయి పెట్టిందే. లోపల వైన్ ఉంది, అగస్టస్ గారికి చెప్పకండి.

ఇట్లు,
మీ ముఖద్వారం బయట తిరుగుతున్న పడవవాళ్లు