విజయవాడ హైవే మీద మనం దిగని ఊళ్లు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిని పాతవాళ్లు ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు. ఈ 270 కిలోమీటర్ల దారిలో మనకు గుర్తుండే పేర్లు ఎక్కువగా టోల్‌గేట్లవే. సంక్రాంతికి బారులు తీరే పంతంగి, సూర్యాపేటకు ముందు వచ్చే కొర్లపహాడ్, ఆంధ్రలోకి దాటాక తగిలే చిల్లకల్లు. శాతవాహనుల కాలం నుంచి రెడ్డిరాజుల కాలం దాకా తెలుగు నేల చరిత్రలో ముఖ్యమైన ఆనవాళ్లు ఇదే దారికి గంట ప్రయాణం లోపు ఉన్నాయి. అయినా ఈ రోడ్డు మీద ఏటా పదిసార్లు తిరిగేవారు కూడా వాటిలో ఒక్కదాని దగ్గరా దిగరు. ఇందుకు జనంలో ఆసక్తి లేకపోవడమే కారణమని నేను ఒప్పుకోను. తవ్వకాల్లో బయటపడ్డ శిల్పం ఒకచోట, అది పుట్టిన నేల మరోచోట ఉండిపోవడం, ఆ రెండింటి మధ్య సంబంధాన్ని చెప్పేవారు లేకపోవడం అసలు కారణం.

సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రిని చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం ఈనాటికీ ఊరి మధ్యే నిలిచి ఉంది. శాసనం, నునుపు దేరిన స్తంభాలు, పూజ అన్నీ ఒకేచోట ఉండబట్టి, కాకతీయుల సామంతుల గురించి ఏమీ తెలియని వ్యక్తి కూడా అక్కడ నిలబడి ఏదో ఒకటి గ్రహించి వెళ్తాడు. అదే సూర్యాపేట నుంచి జనగామ వైపు వెళ్తే వచ్చే ఫణిగిరి పరిస్థితి వేరు. కొండ మీద బౌద్ధుల స్తూపం, చైత్యాలనే ప్రార్థనాలయాలు, విహారాలనే భిక్షువుల నివాసాలు బయటపడ్డాయి. 2024 తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. సముద్రాలు దాటి వెళ్లి ఆ ప్రదర్శన చూసినవారికి ఫణిగిరి ఎంతటిదో తెలుసు. సూర్యాపేటలో బస్సు దిగి టీ తాగే మనిషికి మాత్రం ఆ పేరు చెప్పే బోర్డయినా కనబడాలి కదా.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది జగ్గయ్యపేట. ఊరి పక్కన ధనంబోడు అనే గుట్ట మీద క్రీస్తుకు పూర్వం మొదలైన బౌద్ధ స్తూపం అవశేషాలున్నాయి. 1880ల ఆరంభంలో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ దాన్ని పరిశీలించాడు. అక్కడ దొరికిన పలకల్లో మాంధాత చక్రవర్తి శిల్పం భారతీయ కళాచరిత్ర చదివేవారందరికీ పరిచయమే. చక్రవర్తి కుడిచెయ్యి పైకెత్తగా మబ్బుల్లోంచి నాణేలు వానలా కురుస్తుంటాయి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి మొదలైన సప్తరత్నాలు కొలువుంటాయి. ధనంబోడు అన్న పేరున్న గుట్ట మీదే డబ్బు కురిసే శిల్పం దొరకడం ఎంత ముచ్చటైన సంగతో! కానీ ఆ పలకను చూడాలంటే చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లాలి. అదే స్తూపానికి, శాతవాహనుల తర్వాత ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పకారుడు ఐదు ఆయక స్తంభాలు (స్తూపం వేదిక మీద వరుసగా నిలిపేవి) నిలిపినట్టు శాసనం చెబుతోంది. రాజూ కాదు, మంత్రీ కాదు, చేతిపని మీద బతికిన మనిషి. అతని పేరు జగ్గయ్యపేట బడిపిల్లల్లో ఎందరికి తెలుసు?

ఈ ఊరిని తండ్రి పేరిట నిలిపిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడే 18వ శతాబ్దం చివర కృష్ణ ఒడ్డున అమరావతిలో కొత్త పట్నం కట్టుకున్నాడు. అప్పుడే అక్కడి దిబ్బలో చెక్కుడు రాళ్లు బయటపడ్డాయి. ఆ వార్త విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ చూడటానికి వచ్చాడు. ఆ రాళ్లలో కొన్ని కొత్త కట్టడాల్లోకి పోయాయి, మిగిలినవాటిలో చాలా భాగం తర్వాతి కాలంలో చెన్నైకి, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. తరలించడం వల్లే అవి దక్కాయన్న వాదనలో నిజం ఉంది. కాపలా లేని గుట్ట మీదికి అసలు పలకలను వెంటనే తెచ్చి పెట్టమని అడగడం తెలివైన పని కాదు. అయితే భద్రత కోసం వస్తువును తీసుకుపోయినవారికి, ఆ వస్తువు ఇక్కడిదని ఇక్కడే చెప్పే బాధ్యత కూడా ఉంటుంది. దాన్ని ఇన్నేళ్లుగా ఎవరూ తలకెత్తుకోలేదు. ఈ రోడ్డు ఇప్పుడు రెండు రాష్ట్రాల మధ్య పంచుకున్నది కావడంతో, కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖలు ఎవరి స్థలం వారు చూసుకుంటున్నాయి, ప్రయాణికుడికి మాత్రం దారి ఒకటే.

కొండపల్లి దగ్గర ఈ ఇబ్బంది తక్కువ. రెడ్డిరాజుల కోట కొండ మీదే ఉంది, తెల్లపొణికి కర్ర బొమ్మలు కిందనే తయారవుతున్నాయి. విజయవాడ బాపు మ్యూజియంలో కూడా ఒక మంచి మాదిరి దొరుకుతుంది. అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు సున్నపురాతి బుద్ధుడు అక్కడ ఉన్నాడు. పుట్టిన ఊరికి దూరమైనా, అదే ప్రాంతంవారు ఉదయం బయల్దేరి మధ్యాహ్నానికి చూసి ఇంటికి చేరగలిగేంత దగ్గరలో ఉన్నాడు.

జగ్గయ్యపేటకూ ఇలాంటి దారి ఒకటి ఉంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలకు వాడిన పలనాటి సున్నపురాయి కృష్ణకు అవతల ఇప్పటికీ దొరుకుతుంది. మాచర్ల దగ్గర దుర్గిలో రాతిని చెక్కే శిల్పులు ఇప్పటికీ ఉన్నారు. చెన్నైలోని మాంధాత పలకను కొలిచి, అదే కొలతల్లో వారిచేత చెక్కించి ధనంబోడు మీద నిలపవచ్చు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర అందరికీ కనిపించేలా దాని బొమ్మ, దారి చూపే బాణం గుర్తు, సిద్ధార్థుని శాసనంలోని మాటలు తెలుగులో రాయించవచ్చు. చెక్కిన శిల్పి పేరు కూడా ఆ రాతి కిందే ఉండాలి, పదిహేడు వందల ఏళ్ల కిందట సిద్ధార్థుడు తన పేరు రాయించుకున్నట్టే.