సముద్రం గోడకి వందేళ్లు మెయింటెనెన్స్ అక్కర్లేదన్న ఆ మెసేజ్ గురించి

పొద్దున మా బాబాయ్ ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు, సాయంత్రానికి అదే మెసేజ్ నాకు ఇంకో నాలుగు చోట్ల నుంచి వచ్చింది. విషయం ఇదీ: తడ నుంచి ఒంగోలు దాకా ఒడ్డంతా రాళ్ల గోడ కట్టేస్తే కోత బెడద తీరిపోతుందట, చీమకుర్తి క్వారీల్లో వేస్ట్ రాయి ఊరికే పడి ఉందట, సందుల్లో సిమెంటు పోస్తే వందేళ్లు ముట్టుకునే పని లేదట, నెదర్లాండ్స్ వాళ్లు అట్లాగే చేశారట, ఏటా రిపేర్లనేది కమీషన్ల కోసం ఆడే నాటకమట. తొమ్మిదేళ్లు ఒడ్డు పనుల్లో సూపర్‌వైజర్‌గా ఉన్నవాణ్ణి, చదివి ఊరుకోలేకపోయా.

ముందు వందేళ్ల సంగతి. రాయి అంత తొందరగా అరగదు, నిజమే. కానీ గోడ పోయేది రాయి అరిగి కాదు, కాళ్ల కింద ఇసుక జారి. అల గోడకి కొట్టుకుని వెనక్కి తిరిగేటప్పుడు పాదం దగ్గర ఇసుకని తవ్వుకుపోతుంది, అక్కడ లోతు పెరుగుతుంది. లోతు తక్కువున్న చోట పెద్ద అల ముందే విరిగి చచ్చిపోతుంది, లోతు పెరిగితే విరక్కుండా నేరుగా గోడ మీదికే వస్తుంది. ఇక్కడే అసలు లెక్క ఉంది. అల ఎత్తు రెట్టింపైతే దాన్ని తట్టుకోవాల్సిన రాయి బరువు రెట్టింపు కాదు, ఎనిమిదింతలు కావాలి, అంటే అర టన్ను రాయి సరిపోయిన చోట నాలుగు టన్నులది. కట్టిన రోజు సరిపోయిన రాయి ఐదేళ్లకి అదే చోట చిన్నదైపోతుంది, దానికి ఒక్క గీత పడకపోయినా సరే. తుఫాను వచ్చి నీటిమట్టం లేచిందంటే చెప్పక్కర్లేదు, 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర ఒడ్డెక్కే ముందు మన తీరం పొడుగునా ఎట్టా నడిచిందో చూశాం కదా.

ఇంకోటి చెప్తా. ఒక చోట (ఊరు పేరెందుకులే) తుఫాను తగ్గాక చూడబోతే గోడ పైకి నిక్షేపంలా ఉంది. వెనకాల మట్టిరోడ్డులో మాత్రం చాటంత గుంట. ఐదడుగుల కమ్మీ గుచ్చితే ఏమీ తగలకుండా చివరిదాకా దిగిపోయింది. ఆ కాంట్రాక్టరు రెండు టిప్పర్ల గ్రావెల్ పోయించి పని అయిందన్నాడు, నెల తిరక్కుండా మళ్లీ గుంట. చివరికి పొక్లెయిన్‌తో రాళ్లు తీయించి చూస్తే, నీళ్లని వదిలి ఇసుకని ఆపడానికి కింద పరిచే జియో టెక్స్‌టైల్ గుడ్డ రెండు ముక్కలు కలిసే చోట ఒకదాని మీద ఒకటి మూరెడు కూడా పడలేదు. వెనక్కి పోయే ప్రతి అలా ఆ సందులోంచి కాస్త ఇసుక పట్టుకుపోయింది, అంతే. గుడ్డ సరిగ్గా పరిచి, దాని మీద చిన్న రాయి, ఆ పైన పెద్ద రాయి పాదం నుంచి పైకి పేర్చుకుంటూ వచ్చాం. రిపేరంటే అదీ, పైనుంచి టిప్పర్ ఎత్తి కుమ్మరించడం కాదు.

సిమెంటు పోయడం గురించి. ఇది మాత్రం దయచేసి ఎవరూ చేయించొద్దు. రాళ్ల మధ్య సందులు ఉన్నదే అల లోపలికి దూరి బలం చచ్చిపోవడానికి, వెనక చేరిన నీళ్లు బయటికి రావడానికి. వాటిని మూసేస్తే అల మొత్తం బలంతో గుద్దుతుంది, లోపల నీళ్లు నిలిచి గోడని బయటికి తోస్తాయి, పైగా రాళ్లు కాస్త సర్దుకునే వీలుండదు కాబట్టి కింద ఇసుక పోయినా పైకి కనపడదు, ఒకరోజు పెచ్చులు పెచ్చులుగా కూలుతుంది. కాంక్రీటే కట్టాలనుకుంటే వేరే సంగతి, ఆటుపోట్లు తగిలే చోట ఇనుము వేసిన కాంక్రీటుకి ఐఎస్ 456 (కాంక్రీటు పనులకి మన దేశపు ప్రమాణం, 2000 నాటిది) ప్రకారం కనీసం ఎం40 అనే గట్టి గ్రేడు, ఇనుము మీద 75 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాలి. అదైనా తుప్పు మరక, సన్న పగులు కనపడగానే పట్టుకోవాల్సిందే.

చీమకుర్తి రాయి మంచి బరువైన రాయి, అందులో సందేహం లేదు. అయితే క్వారీ పక్కన పడున్నదాంట్లో పలకలు, చెక్కలు ఎక్కువ. పలక రాయి అల మీద పేకముక్కలా లేస్తుంది. నీళ్లలో మునిగిన రాయి బరువులో ఎట్లాగూ సుమారు మూడో వంతు తగ్గిపోతుంది కూడాను. ఏరి, కాటా వేసి తేవాలి, ఆ ఏరడం, మోయడం ఊరికే రావు.

గోడ కడితే బీచ్ మిగులుతుందని కూడా రాశారు. గోడ కాపాడేది వెనకున్న నేలని, ముందున్న ఇసుకని కాదు. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. చెన్నై హార్బర్ కట్టాక దక్షిణాన మెరీనాలో ఇసుక మేట పడింది, ఉత్తరాన రాయపురం వైపు కోతకి గురైంది. అది హార్బర్ కథ అనుకున్నా, గోడ ఆగిపోయిన చోట పక్క ఊరి ఒడ్డు తెగడం మామూలే. పోనీ ఒడ్డంతా కట్టారే అనుకుందాం, మైపాడులోనో కొత్తపట్నంలోనో పడవ ఎక్కడికి లాగుతారు, వల ఎక్కడ ఆరేస్తారు? మెసేజ్ రాసినాయన పట్టపుపాలెం (జాలర్ల పల్లె) మొహం చూసినట్టు లేదు.

నెదర్లాండ్స్ అయితే మరీ నవ్వొచ్చింది. వాళ్లు ఏటా సుమారు 1.2 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక సముద్రంలోంచి తోడి తీరానికి పోస్తారు. 2011లో హేగ్ దగ్గర ఒక్కచోటే 2 కోట్లకి పైగా పోశారు. 1932లో పూర్తయిన వాళ్ల 32 కిలోమీటర్ల కట్టకి కూడా ఈమధ్యే పెద్ద ఎత్తున పనులు మొదలెట్టారు. అంత దూరం ఎందుకు, విశాఖ పోర్టు దగ్గర ఆగిన ఇసుకని తోడి బీచ్‌కి పోస్తున్నది మన రాష్ట్రంలోనేగా.

కమీషన్లు తినేవాళ్లు లేరని నేననను. కానీ సెప్టెంబరులో ఒకసారి, తుఫాన్లు అయ్యాక జనవరిలో ఒకసారి నడిచి చూసి, అవే చోట్ల నిలబడి ఫోటోలు తీసి, జారిన పది రాళ్లు సర్దించే పనిలో తినడానికి ఏముంటుంది? పదేళ్లు వదిలేసి మొత్తం మళ్లీ కట్టించడంలో ఉంటుంది అసలు మేత.

బాబాయ్, ఆ మెసేజ్ ఇంకో మూడు గ్రూపుల్లో కూడా పెట్టావని పిన్ని చెప్పింది. ఇదీ ఆ మూడింట్లో పెట్టు.