ట్రయల్సే చాలవు, రికార్డులే చాలవు

కొత్త మందు మార్కెట్లోకి రావాలంటే మనుషులపై చేసే పరీక్షలు, అంటే క్లినికల్ ట్రయల్స్ గట్టెక్కాలి. అయితే చాలా ట్రయల్స్‌లో గర్భిణులు, బాగా వయసు మళ్లినవారు, కిడ్నీలు దెబ్బతిన్నవారు, షుగరూ గుండెజబ్బూ కలిసి ఉన్నవారు తొలి వడపోతలోనే బయటికి పోతారు. రేపు ఆ బిళ్ల మింగేది వాళ్లే. ఉస్మానియా, గాంధీ ఓపీల ముందు లైన్లో నిలబడేదీ వాళ్లే. అందుకే ట్రయల్ ఫలితాలకు ఆస్పత్రి రికార్డుల సమాచారాన్ని జోడించాలన్న వాదన బలపడుతోంది. మందుల, టీకాల కంపెనీలున్న జీనోమ్ వ్యాలీకి నెలవైన హైదరాబాద్ ఈ పనికి ముందుకు రావాలనే మేమూ కోరుతున్నాం. కానీ ముందు మన రికార్డుల సంగతి తేలాలి.

రెండూ కలిస్తే ఏమవుతుందో కరోనా ఏడాదిలో బ్రిటన్ చూపించింది. కరోనా మందులను పరీక్షించడానికి అక్కడ 2020 మార్చిలో మొదలైన ‘రికవరీ’ అనే ట్రయల్‌లో ఎవరికి ఏ మందన్నది లాటరీ పద్ధతిలోనే తేల్చారు. వార్డులో డాక్టర్ నింపే ఫారం మాత్రం చిన్నది. రోగి బతికాడా లేదా అన్న వివరాలకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవల రికార్డులూ తోడయ్యాయి. జూన్‌కల్లా జవాబు వచ్చింది. చౌక స్టెరాయిడ్ డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలను దాదాపు మూడో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనిపించలేదు. ఈ రెండో ముక్కను మన దగ్గర చెవిన పెట్టినవారు తక్కువ. ఇళ్లలో తేలికపాటి జ్వరంతో ఉన్నవారికీ స్టెరాయిడ్లు రాశారు. 2021 వేసవిలో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి బ్లాక్ ఫంగస్ రోగులు వరస కట్టారు. అదుపు లేని షుగర్‌తో పాటు విచ్చలవిడి స్టెరాయిడ్లూ కారణమని డాక్టర్లే చెప్పారు.

రికార్డులే చాలు, ట్రయల్ దండగ అనేవారూ ఉన్నారు. ఖరీదైన మందు కొనగలిగినవాడు త్వరగా కోలుకుంటే అది మందు గొప్పతనమా, డబ్బు గొప్పతనమా? లాటరీ లేకుండా తేల్చడం కష్టం. 2020 మే నెలలో 671 ఆస్పత్రుల్లోని 96 వేల మంది రికార్డుల పేరిట మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకు పనిచేస్తుందా అన్నదానిపై లాన్సెట్ వైద్య పత్రికలో ఓ వ్యాసం వచ్చింది. అసలు డేటా చూపమంటే చూపలేకపోయారు. రెండు వారాలు తిరక్కుండానే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఇక మన రికార్డులు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ దగ్గర లక్షలాది రోగుల సమాచారం ఉంది. అది ప్రధానంగా ఆస్పత్రులకు బిల్లులు చెల్లించడానికి కట్టిన వ్యవస్థ. ఏ ఆపరేషన్, ఏ ప్యాకేజీ అన్నది దొరుకుతుంది. ఆరునెలల తర్వాత ఆ మనిషి నడుస్తున్నాడా, మంచాన పడ్డాడా అన్నది అందులో వెతికి పట్టుకోవడం కష్టం. ఓపీ చీటీ రోగి జేబులో నలిగిపోతుంది, ఎక్స్‌రే ప్లాస్టిక్ కవర్లో ఇంటికి పోతుంది, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న మందు ఎక్కడా నమోదు కాదు. ఆరోగ్య రికార్డుల కోసం కేంద్రం ఇచ్చే 14 అంకెల ఆభా నంబర్ ఇచ్చినంత మాత్రాన ఈ ఖాళీలు పూడవు.

మనుషుల అనుమతి తీసుకునే విషయంలో మనకు చేదు అనుభవం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. దాన్ని ట్రయల్ అనలేదు, ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. ఆ తర్వాత కొందరు బాలికలు చనిపోయారు. టీకా వల్లే ఆ మరణాలు జరిగాయని విచారణలో తేలలేదు. కానీ చాలా అనుమతి పత్రాలపై తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. పదేళ్ల తర్వాత, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు మినహాయింపులిస్తోంది. అది కంపెనీలకు దొడ్డిదారి కాకూడదు.

రాష్ట్ర ప్రభుత్వం ముందు నిమ్స్‌లో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో డిశ్చార్జ్ తర్వాత రోగి స్థితిని నమోదు చేయడం మొదలుపెట్టాలి. డేటా తెరవకముందే ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో పరిశోధనల వివరాలు అందరికీ కనిపించేలా నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో రాయించాలి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేశాకే పరిశోధకులకు ఇవ్వాలి. అనుమతి పత్రం తెలుగులో, ఉర్దూలో ఉండాలి. వద్దన్నవారికి వైద్యం ఒక్క పూట కూడా ఆలస్యం కాకూడదు.