ఫ్లాషుకు పానగల్లులో చోటివ్వాలి

పానగల్లు మ్యూజియంలో కందూరు చోడుల నాటి శిల్పాల పక్కన ఒక సీడీ పెట్టాలని నల్లగొండ మేధావుల తరఫున, వాళ్లను అడక్కుండానే, డిమాండ్ చేస్తున్నాను. వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ల మూట, మాక్రోమీడియా స్టూడియో ఎంఎక్స్, 2002. ఒరిజినల్ కాదు, ఒరిజినల్ మన జిల్లాలో అడుగుపెట్టిన ఆధారాలు నాకు దొరకలేదు. పైన నల్ల మార్కరుతో 'డ్రీమ్‌వీవర్ + ఫ్లాష్' అని, అంచున సీరియల్ నెంబరు రాసి ఉంటుందే, అది. చదవగలిగిన శాసనం.

ఫ్లాష్ అసలు పేరు ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్. ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న కంపెనీ నుంచి 1996 చివర్లో మాక్రోమీడియా కొని పేరు మార్చింది. మరుసటేడు డ్రీమ్‌వీవర్, 1998లో ఫైర్‌వర్క్స్. పేజీ కట్టేది డ్రీమ్‌వీవర్, బొమ్మలు కోసేది ఫైర్‌వర్క్స్, వాటిని గంతులేయించేది ఫ్లాష్. ఆ గంతుల పుణ్యాన కాలేజీ సైటు తెరిస్తే లోగో గిరగిరా తిరిగొచ్చి కూర్చునేది. మూలన 'స్కిప్ ఇంట్రో' బటన్. సైటు మొత్తంలో జనం మనస్ఫూర్తిగా నొక్కింది అదొక్కటే.

ట్రయల్ 30 రోజులే అన్న నియమాన్ని మనవాళ్లు ఏనాడూ ధిక్కరించలేదు. గడియారం సెంటర్లో కూర్చుని కంప్యూటర్ తేదీని వెనక్కి తిప్పుతూ, ఆ నెలనే ఏళ్ల తరబడి గడిపారు.

2005లో ఫోటోషాప్ కంపెనీ అడోబీ సుమారు 340 కోట్ల డాలర్లకు మాక్రోమీడియాను కొన్నది. అందులో మన వాటా సున్నా అనేవాళ్లకు లెక్కలు రావు. ఇక్కడ ఊరికే నేర్చుకున్నోళ్లే హైదరాబాద్ పోయి, లైసెన్సులు కొనే కంపెనీలల్ల చేరిండ్రు. బేరం పెంచిందెవరు?

2013లో అడోబీ కొత్త వెర్షన్లు అమ్మడం మానేసి నెలనెలా కట్టమంది. అంటే పైసలు కట్టినోడూ పట్టాదారు కాదు, కౌలుదారే. పాస్‌బుక్కు మీద ఆశ పెట్టుకోవద్దు. ఫైర్‌వర్క్స్‌కు కొత్త వెర్షన్ ఉండదని చెప్పిందీ ఆ ఏడాదే. ఫ్లాషును ఐఫోన్ మొదట్నుంచీ గడప తొక్కనీయలేదు. బ్యాటరీ తాగుతుంది, భద్రత లేదు అంటూ 2010లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖే రాశాడు. 2020 డిసెంబర్ 31తో సపోర్టు ఆగింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఫ్లాషును ఆడించనని మొండికేసింది.

ఇంత జరిగినా కోర్సుల బోర్డు మీద ఫ్లాష్ ఎందుకుందని ఒక ఇన్‌స్టిట్యూట్ సారును అడిగాను.

"ఫ్లాష్ తీసేస్తే మూడు నెలల కోర్సు రెండు నెలలైతది సార్. ఫీజు తగ్గియ్యమంటరు."